ఆఫీసు అప్లికేషన్‌ను ఫీల్డ్ టెక్నీషియన్ల ఫోన్లలోకి తేవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జాబ్‌కార్డ్ | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది పంపులు, జనరేటర్లు, కూలింగ్ యూనిట్ల మరమ్మతు చూసే సంస్థ. కంప్లైంట్ నమోదు, టెక్నీషియన్‌కి పని అప్పగించడం, విడిభాగాల స్టాక్, బిల్లు అన్నీ ఒకే వెబ్ అప్లికేషన్‌లో నడుస్తాయి. అది రాసిన రోజుల్లో పెద్ద స్క్రీన్, కీబోర్డు, ఎప్పుడూ ఉండే నెట్ ఉంటాయనుకునే రాశాం.

బయట తిరిగే టెక్నీషియన్లు ఇప్పటికీ కాగితం జాబ్‌కార్డే నింపుతారు. సాయంత్రం ఆఫీసులో ఇంకొకరు దాన్ని చూసి ఎక్కిస్తారు. పొద్దున వాడిన పార్టు సాయంత్రం దాకా స్టాక్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకొకరికి మాట ఇచ్చేస్తాం.

"అప్లికేషన్ మొత్తం మొబైల్‌లోకి రావాలి" అని పైనుంచి చెప్పారు. స్క్రీన్లు లెక్కపెడితే 140 తేలాయి. ఫోన్ బ్రౌజర్లో తెరిచి చూస్తే 14 కాలమ్‌ల టేబుల్ అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. టీమ్‌లో నలుగురం, ఇద్దరికి మొబైల్ పని కొత్త. నేటివ్ యాప్ (ఒక్కో రకం ఫోన్‌కి విడిగా రాసేది) రాయాలా, వెబ్‌నే సర్దాలా, ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెంటికీ పనికొచ్చేది ఎంచుకోవాలా? నిజంగా టెన్షన్‌గా ఉంది. చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

స్క్రీన్‌వెనక | సోమవారం, ఉదయం 10:05

జాబ్‌కార్డ్ గారూ, ఏ టెక్నాలజీ అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ 140ని తగ్గించండి. టెక్నీషియన్ మెషిన్ ముందు నిలబడి ఉన్నప్పుడు చేసే పనులేంటో రాసుకోండి. వెళ్లాల్సిన చోటు చూడటం, మెషిన్ పాత చరిత్ర చూడటం, రీడింగ్ రాయడం, వాడిన పార్టు రాయడం, ఫోటో తీయడం, సంతకం తీసుకోవడం. ఆరో ఏడో తేలుతాయి. మిగతావన్నీ ఆఫీసులోనే ఉండనివ్వండి.

ఇది పాత పాఠమే. 1998లో వ్యాప్ (అప్పటి చిన్న ఫోన్లలో ఇంటర్నెట్ చూసే పద్ధతి) వచ్చినప్పుడు వెబ్‌లో ఉన్నదంతా నాలుగైదు లైన్ల తెర మీదకు దించాలని చాలామంది చూశారు. మెనూలోంచి మెనూలోకి దిగేసరికి జనానికి విసుగొచ్చింది. 1999లో వచ్చిన మొదటి బ్లాక్‌బెర్రీ చూడ్డానికి పేజర్‌లా ఉండేది, ముఖ్యంగా చేసేది ఈమెయిల్ ఉత్తరాలు అందించడమే. కానీ ఉత్తరం వచ్చిన వెంటనే జేబులో తెలిసేది. ఉద్యోగాలు చేసేవాళ్లు దాన్ని వదల్లేదు.

కొత్తడెవలపర్ | సోమవారం, ఉదయం 10:40

నాకో సందేహం. ఇప్పుడు 4జీ, 5జీ వచ్చాయి కదా. ఆఫ్‌లైన్ కోసం అంత కష్టపడటం అవసరమా? నెట్ ఉన్నప్పుడే పనిచేసేలా రాసేస్తే సగం పని తగ్గుతుంది. తప్పుగా అడిగితే క్షమించండి.

పంపురూమ్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను డెవలపర్ని కాదు, టెక్నీషియన్‌ని. ఈ చర్చ మా గురించే కాబట్టి రాస్తున్నాను.

తమ్ముడూ, మా పనిలో సగం సిగ్నల్ అందని చోటే ఉంటుంది. పంపు రూములు నేలమాళిగలో ఉంటాయి. చిల్లర్ గదికి ఇనుప తలుపు. లిఫ్ట్ గుంతలోకి దిగితే ఫోన్ మాటే వినపడదు.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఇదివరకు పనిచేసిన చోట ఇలాంటి యాప్ ఇచ్చారు. పంపు కింద పడుకుని, టార్చ్ నోట్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని ప్రెషర్, కరెంటు, బేరింగ్ వేడి, అన్నీ కలిపి 11 రీడింగులు కొట్టాను. కుడి చేయి గ్రీజు, అందుకే బొటనవేలి కణుపుతో నొక్కాను. చివర్లో "సేవ్" నొక్కితే గుండ్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. సిగ్నల్ కోసం మెట్లెక్కి పైకి వచ్చాను. పైకొచ్చేసరికి "మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అని వచ్చింది. లాగిన్ అయితే ఖాళీ ఫారం. 11 రీడింగులూ పోయాయి. మళ్లీ కిందకి దిగాను.

ఆ రోజు నుంచి మేమంతా ముందు అట్టముక్క మీద రాసుకుని, పైకొచ్చాక యాప్‌లో ఎక్కించేవాళ్లం. కాగితం పని పోతుందన్నారు, మాకు రెండు పనులు అయ్యాయి. ఆఫీసులో మాత్రం అందరూ యాప్ బాగా వాడుతున్నారనుకున్నారు.

కొత్తడెవలపర్ | సోమవారం, మధ్యాహ్నం 1:34

అర్థమైంది అన్నా. ఇలా వివరంగా చెప్పినందుకు థాంక్స్.

సింక్‌సంగతులు | సోమవారం, సాయంత్రం 6:15

పంపురూమ్ గారి పోస్ట్ ప్రింట్ తీసి మీ టీమ్ గోడకి అంటించండి. నేను పదేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఆయన చెప్పినదాని వెనక సర్వర్ వైపు ఏం జరుగుతుందో చెప్తాను.

ఆఫీసు అప్లికేషన్‌లో "సేవ్" నొక్కితే సర్వర్ జవాబిస్తుంది, పని అయిపోతుంది. వైర్‌లెస్‌లో అలా కాదు. నొక్కాక జవాబు రాలేదంటే మీ మాట సర్వర్‌కి చేరకపోయి ఉండొచ్చు. లేదంటే మాట చేరింది, పని కూడా జరిగింది, జవాబు తిరిగొచ్చేటప్పుడు దారిలో పోయింది. ఫోన్‌కి ఈ రెంటికీ తేడా తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. మా దగ్గర ఒకసారి రెండోది జరిగింది. టెక్నీషియన్ ఒక సీల్ వాడినట్టు నొక్కాడు, గుండ్రం తిరిగింది, మళ్లీ నొక్కాడు. స్టాక్‌లో రెండు సీల్స్ తగ్గాయి. నెలాఖరున లెక్క చూస్తే అరలో సరుకు ఎక్కువ, కంప్యూటర్లో తక్కువ. కారణం కనుక్కునేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

దీనికి మందు ఒకటే. ప్రతి నమోదుకీ ఫోన్లోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టాలి. ఫారం తెరిచిన క్షణంలోనే పుట్టాలి, సేవ్ నొక్కినప్పుడు కాదు. అప్పుడే రెండుసార్లు నొక్కినా అదే సంఖ్య వెళ్తుంది. అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ పని మళ్లీ చేయకుండా మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగి ఇవ్వాలి. ఇది సర్వర్ వైపు మార్పు. అంటే మీ పాత అప్లికేషన్‌ని ముట్టుకోక తప్పదు. దానిమీద కొత్త తెర తొడిగితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

రెండో సంగతి: సేవ్ అంటే ముందు ఫోన్లో సేవ్ కావాలి. ఫోన్లో చిన్న డేటాబేస్ పెట్టండి. ఎస్‌క్యూలైట్ 2000 నుంచి ఉంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నిక్షేపంగా పనిచేస్తుంది. రికార్డూ, "ఇది పంపాలి" అన్న గుర్తూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే రెండూ కలిసి పడేలా, రాయండి. అక్కడితో టెక్నీషియన్ పని అయిపోయినట్టే. పంపడం యాప్ పని.

స్క్రీన్‌వెనక | సోమవారం, రాత్రి 8:02

పంపడం యాప్ పని అన్నారు కదా, అక్కడో హెచ్చరిక. తెర ఆపేసి ఫోన్ జేబులో పెట్టాక యాప్ ఇష్టమొచ్చినట్టు పనిచేయలేదు. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, డోజ్ ఉంది. ఫోన్ కదలకుండా పడి ఉంటే బ్యాటరీ కోసం యాప్‌ల నెట్ వాడకాన్ని ఆపేసి, అప్పుడప్పుడూ మాత్రమే వదులుతుంది. వర్క్‌మేనేజర్ (ఆండ్రాయిడ్‌లో వెనక జరిగే పనుల్ని నడిపే సాధనం)తో పదేపదే జరిగే పని పెట్టుకుంటే 15 నిమిషాల కంటే తక్కువ వ్యవధి ఇవ్వలేం. ఐఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ పని ఎప్పుడు నడవాలో సిస్టమే నిర్ణయిస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లు ఇవి చాలక తమ సొంత బ్యాటరీ సేవర్లు కూడా పెడతాయి.

కాబట్టి యాప్ తెరిచిన ప్రతిసారీ, నెట్ తిరిగొచ్చిన ప్రతిసారీ పంపండి. బ్యాక్‌గ్రౌండ్‌లో వెళ్తే అదృష్టం అనుకోండి.

నేటివా, వెబ్బా అన్నదానికి జవాబు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. సర్వీస్ వర్కర్ (బ్రౌజర్లో వెనక నడిచే చిన్న కోడ్)తో వెబ్ యాప్ నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కానీ బ్యాక్‌గ్రౌండ్ సింక్ (యాప్ మూసి ఉన్నా వెనక నుంచి డేటా పంపడం) ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో లేదు. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోని సైట్‌ని కొన్నాళ్లు తెరవకపోతే అది ఫోన్లో దాచిన డేటాను సఫారీ తీసేస్తుంది. 2020 నుంచీ ఇది 7 రోజుల గడువు. పంపని రీడింగులు అందులో ఉంటే గోవిందా. ఐఫోన్‌లో వెబ్ యాప్‌లకి పుష్ నోటిఫికేషన్ 2023లో ఐఓఎస్ 16.4తో వచ్చింది, అదీ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటేనే. అందరిదీ ఆండ్రాయిడే, సంస్థ ఇచ్చిన ఫోనే అయితే వెబ్ యాప్ గురించి ఆలోచించొచ్చు. మీరు చెప్పిన పనికి మాత్రం, నన్నడిగితే ఫ్లట్టర్ గానీ రియాక్ట్ నేటివ్ గానీ (ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకీ యాప్ చేసేవే). ఇద్దరికి మొబైల్ కొత్త అన్నారు కాబట్టి, మీ వెబ్ టీమ్‌కి జావాస్క్రిప్ట్ వచ్చి ఉంటే రెండోది తొందరగా పట్టుబడుతుంది.

గోదాం | మంగళవారం, ఉదయం 7:30

నాది గోదాములో స్కానర్ల పని. విండోస్ సీఈ (చేతి పరికరాల్లో నడిచిన పాత విండోస్) రోజుల నుంచీ చూస్తున్నాను.

ముందు ఒక మాట. పరికరం ఆయుష్షు ఆపరేటింగ్ సిస్టమ్ ఆయుష్షు కంటే ఎక్కువ. మా గట్టి స్కానర్లు కింద పడినా పగలవు, పదేళ్లు పనిచేస్తాయి. కానీ వాటిలోని విండోస్ ఎంబెడెడ్ హ్యాండ్‌హెల్డ్ 6.5కి 2020 జనవరిలో సపోర్ట్ ఆగిపోయింది. స్కానర్ నిక్షేపంగా ఉంది, సెక్యూరిటీ ప్యాచ్ లేదు. యాప్ అంతా మళ్లీ ఆండ్రాయిడ్‌కి రాయాల్సి వచ్చింది. కొనేటప్పుడే ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడిగి రాయించుకోండి.

ఇక వై-ఫై. ఎవరికైనా గోదాములోనో ఫ్యాక్టరీలోనో వైర్‌లెస్ పెట్టే పని పడితే ఇది గుర్తుపెట్టుకోండి. మాకు సర్వే చేసినప్పుడు గోదాము ఖాళీ. మూలమూలకీ ఫుల్ సిగ్నల్. సరుకు దిగాక రెండో వారంలోనే స్కానర్లు మొరాయించాయి. ఇనుప ర్యాకులు రేడియో తరంగాల్ని తిప్పికొడతాయి. నీళ్లు, నీటి శాతం ఎక్కువున్న సరుకు వాటిని పీల్చేస్తాయి. ద్రవాల డబ్బాలు పైదాకా పేర్చిన వరసలో మధ్యకి వెళ్తే సిగ్నల్ సగానికి పడిపోయింది. సర్వే నిండు గోదాములో చేయాలి. మేం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

ఇంకోటి. స్కానర్ నడుస్తూ ఉంటుంది, బండి మీద తిరుగుతూ ఉంటుంది. పక్కనే మంచి యాక్సెస్ పాయింట్ (వై-ఫై ఇచ్చే పెట్టె) ఉన్నా, వదిలొచ్చిన పాతదాన్నే పట్టుకు వేలాడుతుంది. తెర మీద వై-ఫై గుర్తు ఉంటుంది, డేటా కదలదు. వై-ఫై ప్రమాణాల్లో త్వరగా మారడానికి 802.11ఆర్, పక్కవాటి జాబితా ఇవ్వడానికి 802.11కె, ఫలానా దానికి మారమని చెప్పడానికి 802.11వి ఉన్నాయి. యాక్సెస్ పాయింట్‌లో ఆన్ చేసినంత మాత్రాన చాలదు, స్కానర్ కూడా వాటిని అర్థం చేసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మామూలుగా 1, 6, 11 మూడే. యాక్సెస్ పాయింట్లు ఎక్కువ పెడితే సిగ్నల్ మెరుగవుతుందనుకోవద్దు, ఒకదాని గొంతు ఇంకొకటి నొక్కేస్తుంది.

కొత్తడెవలపర్ | మంగళవారం, ఉదయం 8:10

మరి నెట్ ఉందో లేదో యాప్‌కి ఎలా తెలుస్తుంది? బ్రౌజర్లో "ఆన్‌లైన్" అని చెప్పే గుర్తు ఒకటి ఉంది కదా.

సింక్‌సంగతులు | మంగళవారం, ఉదయం 9:25

ఆ గుర్తు చెప్పేది ఏదో ఒక నెట్‌వర్క్‌కి తగులుకుని ఉన్నావన్న సంగతి మాత్రమే. గోదాం గారు చెప్పిన స్కానర్ కూడా "ఆన్‌లైన్" అనే చెప్తుంది. అతిథుల వై-ఫైకి తగులుకుని, లాగిన్ పేజీ దగ్గర ఆగిపోయినా "ఆన్‌లైన్" అనే వస్తుంది. మీ సర్వర్ నుంచి మీరు అడిగిన జవాబు వచ్చిందా లేదా, అదొక్కటే నమ్మండి. గడువు పెట్టండి, రాకపోతే ఆగి మళ్లీ అడగండి. ఆగే సమయాన్ని పెంచుకుంటూ పోండి, దానికి కొంచెం లాటరీ కలపండి, అంటే ఒక్కో ఫోన్ ఒక్కోలా కొంత అటూ ఇటూగా ఆగాలి. లేకపోతే భోజనాల తర్వాత అందరూ ఒకేసారి సిగ్నల్‌లోకి వచ్చినప్పుడు ఫోన్లన్నీ కలిసి సర్వర్ మీద పడతాయి.

జాబ్‌కార్డ్ గారికి ఇంకో ముఖ్యమైన సంగతి. స్టాక్ గురించి ఫోన్ ఎప్పుడూ "మిగిలినవి 7" అని పంపకూడదు. "నేను 3 వాడాను" అని పంపాలి. ఇద్దరు టెక్నీషియన్లు నెట్ లేని చోట నుంచి వచ్చి ఒకరు 7 అని, ఒకరు 8 అని పంపితే ఎవరిది ఆఖరుగా చేరితే అదే నిలుస్తుంది, రెండోవాళ్ల వాడకం మాయమైపోతుంది. జరిగినదాన్ని పంపితే రెండూ నిలబడతాయి.

అలాగే టెక్నీషియన్ నేలమాళిగలో పని పూర్తిచేస్తున్నప్పుడే ఆఫీసులో ఆ కంప్లైంట్‌ని రద్దు చేశారనుకోండి. ఎవరి మాట నిలవాలి? దీనికి కోడ్‌లో జవాబు లేదు. మీ ఆపరేషన్స్ వాళ్లని కూర్చోబెట్టి అడగండి. మా దగ్గర "చేసిన పని చేసినట్టే నమోదవ్వాలి, రద్దు మీద మనిషి నిర్ణయం తీసుకోవాలి" అని తేల్చుకున్నాం. టైమ్ చూసి తేల్చేద్దామని మాత్రం అనుకోకండి. ఫోన్ గడియారాన్ని ఎవరైనా మార్చొచ్చు. ఫోన్ చెప్పిన సమయం, సర్వర్‌కి అందిన సమయం రెండూ దాచుకోండి.

తాళంచెవి | మంగళవారం, మధ్యాహ్నం 12:45

ఫోన్లో డేటా దాచండి అని అందరూ చెప్తున్నారు, సరే. ఆ ఫోన్ పోతే? నేను సెక్యూరిటీ వైపు ఉంటాను కాబట్టి ఆ ప్రశ్నతోనే వస్తాను.

దూరం నుంచి చెరిపేయొచ్చు అంటారు. ఫోన్ నెట్‌లోకి వస్తేనే ఆ ఆదేశం అందుతుంది. దొంగిలించినవాడు ముందు చేసే పని సిమ్ తీసేయడమే. అందుకని ఫోన్లో తక్కువ ఉంచడమే పెద్ద రక్షణ. కస్టమర్ల జాబితా మొత్తం దించకండి. ఆ టెక్నీషియన్‌కి ఈ రోజు, రేపు ఉన్న పనులు, వాటి మెషిన్ల చరిత్ర, అంతే. డేటాబేస్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి (చదవలేని రూపంలోకి మార్చి), దాని తాళంచెవిని ఆండ్రాయిడ్‌లో కీస్టోర్‌లో, ఐఫోన్‌లో కీచైన్‌లో పెట్టండి. కోడ్‌లో రాసి దాచామనుకోకండి.

లాగిన్ సంగతి. పంపురూమ్ గారి రీడింగులు పోయింది నిజానికి సెషన్ వల్లే. ఆఫీసు బ్రౌజర్‌కి పెట్టిన 20, 30 నిమిషాల గడువుని అలాగే ఫోన్‌కి తెచ్చి ఉంటారు. ఫోన్‌కి ఓఆత్ 2.0 (లాగిన్ అయ్యాక టోకెన్ అనే డిజిటల్ అనుమతి చీటీ ఇచ్చే పద్ధతి) వాడండి. పొట్టి గడువు టోకెన్, దాన్ని కొత్తది చేసే పొడుగు గడువు టోకెన్. నేటివ్ యాప్‌లలో ఇది ఎలా చేయాలో 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8252 స్పష్టంగా చెప్పింది. పాస్‌వర్డ్ పేజీని యాప్ లోపలి వెబ్‌వ్యూలో చూపించకుండా ఫోన్ బ్రౌజర్లో తెరవాలి, పీకేసీఈ (లాగిన్ కోడ్‌ని వేరే యాప్ దొంగిలించినా పనికిరాకుండా చేసే పద్ధతి) వాడాలి. యాప్‌ని వేలిముద్రతోనో పిన్‌తోనో తెరవనివ్వండి, అది నెట్ లేకపోయినా పనిచేస్తుంది. టోకెన్ గడువు దాటితే పంపడం ఆగాలి గానీ రాయడం ఆగకూడదు. రాసింది చెరిగిపోవడం అసలు జరగకూడదు.

ఒక ప్రశ్న: ఫోన్లు సంస్థవా, టెక్నీషియన్ల సొంతవా?

జాబ్‌కార్డ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

సగం సంస్థవి, సగం వాళ్ల సొంతవి. సొంత ఫోన్లలో ఎండీఎం (ఫోన్‌ని సంస్థ దూరం నుంచి నిర్వహించే యాప్) పెట్టుకోమంటే చాలామంది ఒప్పుకోవట్లేదు.

పంపురూమ్ | మంగళవారం, రాత్రి 9:15

ఎందుకు ఒప్పుకోరో నేను చెప్తాను. ఆ యాప్ వేయగానే "ఈ ఫోన్‌లోని మొత్తం డేటాను చెరిపే అధికారం" అని తెర మీద పడుతుంది. నా ఫోన్లో మా పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలున్నాయి. ఉద్యోగం మానేసిన రోజున అవి పోతాయేమోనని భయం. డ్యూటీ అయిపోయాక నేను ఎక్కడున్నానో ఆఫీసుకి తెలుస్తుందేమోనని ఇంకో భయం. అడిగితే "అదేం లేదులే" అంటారు. లేదంటే కాగితం మీద రాసివ్వొచ్చు కదా.

తాళంచెవి | బుధవారం, ఉదయం 8:20

న్యాయమైన మాట. సొంత ఫోన్ మీద పాత పద్ధతి అడ్మిన్ అధికారం అడగడం నా దృష్టిలో తప్పే. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఉంది, 2015 నుంచి వాడుకలో ఉంది. ఆఫీసు యాప్‌లు, ఆఫీసు డేటా ఒక అరలో, సొంతవి ఇంకో అరలో. సంస్థ చెరిపేది తన అరనే, మీ ఫోటోలను చూడటం గానీ చెరపడం గానీ దానికి కుదరదు. సాయంత్రం ఆ అరని ఆపేసుకోవచ్చు కూడా. ఐఫోన్‌లో యూజర్ ఎన్‌రోల్‌మెంట్ 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది, అదీ ఇలాంటిదే.

జాబ్‌కార్డ్ గారూ, సంస్థకి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు, లొకేషన్ ఎప్పుడు తీసుకుంటారు అన్నవి ఒక పేజీలో మామూలు భాషలో రాయించి, సంతకం చేసి ఇవ్వండి. అలా రాసివ్వడానికి సంస్థ ఒప్పుకోకపోతే, టెక్నీషియన్లకి తనే ఫోన్ కొనివ్వాలి.

స్క్రీన్‌వెనక | బుధవారం, ఉదయం 11:00

ఇంకొన్ని చిన్నవి, చిన్నవే గానీ రోజంతా తగిలేవి.

బటన్ల కొలత: ఆపిల్ కనీసం 44 పాయింట్లు అంటుంది, ఆండ్రాయిడ్ 48 డీపీ (పాయింటు, డీపీ రెండూ తెర మీది కొలతలు), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. గ్రీజు చేతులకి, గ్లవ్స్‌కి ఇంకా పెద్దవి పెట్టండి. "పూర్తయింది", "రద్దు" పక్కపక్కన పెట్టకండి. రీడింగ్ పెట్టెలో అంకెల కీబోర్డే రావాలి. ఎండలో లేత బూడిద రంగు అక్షరాలు కనపడవు.

ఫోటో: ఫోన్ కెమెరా ఫోటో ఒక్కోటి కొన్ని ఎంబీలుంటుంది. పొడుగు వైపు 1600 పిక్సెళ్లకి కుదించినా నేమ్‌ప్లేట్ అక్షరాలు చదవొచ్చు. ముందు అక్షరాలు, అంకెలు పంపండి, ఫోటోలు వెనక రానివ్వండి. ఫోటో ఎక్కలేదని జాబ్ మొత్తం ఆగిపోవడం చాలా యాప్‌లలో చూశాను.

వెర్షన్లు: ఆఫీసు వెబ్‌ని రాత్రికి రాత్రి మార్చేస్తే పొద్దున అందరికీ కొత్తదే. ఫోన్లలో మూడు నెలల నాటి వెర్షన్ కూడా బతికే ఉంటుంది. సర్వర్ వాటన్నిటికీ జవాబివ్వాలి. ఫీల్డులు కలుపుకుంటూ పోండి, ఉన్నవాటి అర్థం మార్చకండి. తప్పనిసరి అప్‌డేట్ పెట్టాల్సి వస్తే ముందు పంపాల్సినవన్నీ వెళ్లాకే అప్‌డేట్ తెర రావాలి. ఈ వరస తారుమారైతే మొదటికే మోసం.

జాబ్‌కార్డ్ | గురువారం, రాత్రి 10:30

అందరికీ చాలా చాలా థాంక్స్. పంపురూమ్ గారి మాట చదివాక కోడ్ పక్కనపెట్టి ఈ రోజంతా మా టెక్నీషియన్ ఒకరితో తిరిగాను. ఇన్నేళ్లుగా ఆయన పంపే జాబ్‌కార్డులు చూస్తున్నాను, ఆయన పని చూడటం ఇదే మొదటిసారి.

కంప్లైంట్ చోటికి వెళ్లగానే మెషిన్ ముట్టుకునే ముందు నేమ్‌ప్లేట్ ఫోటో తీసుకున్నాడు. ఎందుకంటే మా సిస్టమ్‌లో సీరియల్ నంబర్లు సగం తప్పులట, ఆయనకి అది అలవాటైపోయింది. మెషిన్ చరిత్ర కోసం ఆఫీసుకి ఫోన్ చేశాడు. అటువైపు ఎవరో స్క్రీన్ తెరిచి చదివారు, ఈయన విన్నాడు. నాలుగు చోట్లా ఇదే. మా ప్లాన్‌లో "చరిత్ర చూడటం" రెండో దశలో ఉంది. ఇప్పుడు అదే మొదటిది.

140లో మొదటి విడతకి ఆరు స్క్రీన్లే అని లెక్క తేల్చాను. పైవాళ్లని ఒప్పించాలి. అంకెలు చూపించడం కంటే వాళ్లలో ఒకరిని టెక్నీషియన్‌తో ఒక పూట పంపితే మేలనుకుంటున్నాను.

సింక్‌సంగతులు | శుక్రవారం, ఉదయం 9:00

మంచి ఆలోచన. ఒకటి కలుపుతాను. ప్రతి రికార్డు పక్కన దాని స్థితి మామూలు మాటల్లో చూపించండి: "ఫోన్లో ఉంది", "పంపుతోంది", "ఆఫీసుకి చేరింది". 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్‌కి ఒక స్టాండ్, దానికి ఒకే బటన్ ఉండేవి. బటన్ నొక్కితే కంప్యూటర్‌తో సరిచూసుకునేది, అయిపోగానే అయిందని చెప్పేది. ఏది ఎక్కడుందో వాడే మనిషికి అనుమానమే ఉండేది కాదు. మనం తీగలు తీసేశాక ఆ నిశ్చింత కూడా తీసేశాం. అది తిరిగి ఇవ్వండి.

సర్వర్ ఏదైనా రికార్డుని తప్పని తిరగ్గొడితే, అదే రికార్డుని లోపల్లోపల వందసార్లు పంపుతూ కూర్చోకూడదు. టెక్నీషియన్‌కి ఎర్రగా చూపించి, ఏం తప్పో చెప్పాలి. ఆ ఒక్కటి వెనక ఉన్న మిగతా జాబులు ఆగకూడదు.

జాబ్‌కార్డ్ | తొమ్మిది వారాల తర్వాత, సోమవారం, సాయంత్రం 5:40

ఈ థ్రెడ్‌కి జవాబు బాకీ ఉన్నాను.

ఆరు స్క్రీన్లతో ప్రయోగ వాడకం (పైలట్) మొదలై మూడు వారాలైంది. రియాక్ట్ నేటివ్, ఫోన్లో ఎస్‌క్యూలైట్, సొంత ఫోన్లకి వర్క్ ప్రొఫైల్. ఒక పేజీ కాగితం సంతకంతో ఇచ్చాం. అది చదివాక మొదట వద్దన్నవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఒప్పుకోని ఇద్దరికి సంస్థ ఫోన్ ఇచ్చాం. సర్వర్ వైపు ప్రత్యేక సంఖ్య పని అనుకున్నదానికి రెట్టింపు సమయం తీసుకుంది. పాత కోడ్‌లో స్టాక్ తగ్గించే చోట్లు ఒకటి కాదు, ఐదు దొరికాయి.

ఒక గండం గురించి చెప్పాలి. రెండో వారంలో ఒక జాబ్ రెండు రోజులు ఆఫీసుకి చేరలేదు. టెక్నీషియన్ పూర్తిచేశాడు, ఫోన్లో ఉంది, కానీ ఆయన ఫోన్ బ్యాటరీ సేవర్ యాప్‌ని నిద్రపుచ్చింది. ఆయన ఆ రెండు రోజులు సెలవు, యాప్ తెరవలేదు. ఆఫీసులోనేమో పని కాలేదనుకుని ఇంకొకరిని పంపారు. ఆయన వెళ్లి చూస్తే పంపు నడుస్తోంది. ఇప్పుడు పూర్తయిన జాబ్ ఏదైనా పంపకుండా గంట దాటితే యాప్ ఫోన్లోనే నోటిఫికేషన్ వేస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు. ఆ అలారాన్ని కూడా బ్యాటరీ సేవర్ ఆపకుండా ఆ ఫోన్లలో సెట్టింగ్ మార్చి ఇస్తున్నాం. ఆఫీసు స్క్రీన్‌లో ప్రతి టెక్నీషియన్ పేరు పక్కన "చివరిసారి అందింది" అని సమయం వస్తుంది. ఆ సమయం పాతబడితే ఇంకొకరిని పంపే ముందు ఫోన్ చేసి అడుగుతారు.

తర్వాతి విడతలో పార్టులకి బార్‌కోడ్ పెట్టాలి. ఫోన్ కెమెరాతో స్కాన్ చేయిస్తే సరిపోతుందా, గోదాం గారూ?

గోదాం | సోమవారం, సాయంత్రం 6:25

రోజుకి పదీ ఇరవై పార్టులైతే కెమెరా చాలు. వందల్లో కొట్టే స్టోర్ మనిషికి మాత్రం లేజర్ గానీ ఇమేజర్ (కోడ్ బొమ్మ తీసి చదివేది) గానీ ఉన్న స్కానర్ ఇవ్వండి, కెమెరా ఫోకస్ అయ్యేదాకా ఆగడం ఆయన వల్ల కాదు. ముందు మీ పార్టుల మీద ఉన్న లేబుళ్లు పట్టుకెళ్లి నూనె మరకలతో, చీకట్లో చదువుతాయో లేదో చూసుకోండి. చిన్న పార్టుల మీద గీతల కోడ్ కంటే డేటా మ్యాట్రిక్స్ (చిన్న గడుల చదరపు కోడ్) మేలు, కొంత భాగం చెరిగినా చదవగలదు.

పంపురూమ్ | సోమవారం, రాత్రి 9:50

జాబ్‌కార్డ్ గారూ, చదివి చాలా సంతోషమైంది. ఒక్కటి అడుగుతాను. స్కాన్ స్క్రీన్‌లో టార్చ్ వెలిగించే బటన్ పెట్టండి, ఎడమ బొటనవేలికి అందేలా పెట్టండి. కుడి చేతిలో పార్టు ఉంటుంది.